శ్రావణం అయ్యాక వెనక్కి వచ్చే చీరలు

వరలక్ష్మీ వ్రతానికి ముందు రెండు వారాలు మా ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. మంగళగిరి కాటన్ చీరలు, అందులోనూ నిజాం అంచువి, పసుపు, ఆకుపచ్చ, మెరూన్ రంగుల్లో ఎక్కువగా పోతాయి. వ్రతం అయిన మర్నాటి నుంచి, మేం చీరలు అమ్మే ఆన్‌లైన్ సైటు సెల్లర్ ప్యానెల్‌లో (అమ్మేవాళ్లకిచ్చే పేజీలో) రిటర్న్ రిక్వెస్టులు మొదలవుతాయి. కారణాల జాబితాలో ఎక్కువమంది నొక్కేది ఒక్కటే: ‘వస్తువు ఫొటోలో చూపించినట్టు లేదు’. బుధవారం చేతికందిన చీర ఫొటోలోలా లేదని తెలియడానికి శుక్రవారం దాటాలా అని మా అత్తయ్య అడుగుతుంది. సైట్‌లో మాత్రం ఆ ప్రశ్న అడిగే చోటు లేదు.

మాది పెద్ద వ్యాపారం కాదు. మా మామయ్య గారు గుంట మగ్గం మీద నేసేవారు, మోకాళ్లు సహకరించక మానేశారు. తెలిసిన నేత ఇళ్ల నుంచి చీరలు కొని ఒక పెద్ద ఆన్‌లైన్ సైట్‌లో అమ్ముతున్నాం. లిస్టింగులు, లెక్కలు నేను చూస్తాను. ప్యాకింగ్ మా మరిది పని. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్లకు 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఇలాంటి సైట్లలో అమ్మే వీలు ఇచ్చారు కానీ, మా చీరలు హైదరాబాద్‌కీ బెంగళూరుకీ వెళ్తాయి కాబట్టి మాకు రిజిస్ట్రేషన్ తప్పలేదు.

రిటర్నుల్లో రెండు రకాలు. కొన్నవాళ్లు అసలు తీసుకోకుండానే వెనక్కి వచ్చేవి ఒక రకం. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, తలుపు తీయకపోతే అలా వస్తాయి. వీటితో పెద్ద బాధ లేదు. మన కవరు మన కవరుగానే వస్తుంది, మళ్లీ అమ్ముకోవచ్చు. రెండోది కస్టమర్ రిటర్న్. చీర విప్పి, చూసి, ఒక్కోసారి కట్టి, పంపేది. టెన్షన్ అంతా దీనితోనే.

కిందటేడు శ్రావణంలో జరిగింది చెబుతాను. పిస్తా రంగు చీర, మెరూన్ అంచు, ధర 1,850 రూపాయలు. హైదరాబాద్ వెళ్లింది. వారం తిరక్కుండానే రిటర్న్ పెట్టారు. కారణం దగ్గర ‘క్వాలిటీ బాగాలేదు’ అని ఉంది. దాని కింద కొన్నావిడ స్వయంగా రాసిన మాట: ‘ఇది చేనేత కాదు, మోసం’. డబ్బు పోతుందన్న బాధ కంటే ఆ మాట ఎక్కువ తగిలింది. ఆ చీర ఎవరి మగ్గం మీద దిగిందో, కొత్త పడుగు పోగుల్ని పాతవాటికి కలిపి అచ్చు అతికినది ఎవరో నాకు తెలుసు.

రిటర్న్ రిక్వెస్టుకు మనం ఒప్పుకోవాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. సైటే ఆమోదిస్తుంది, సైటే పికప్ పంపిస్తుంది. కొన్నవాళ్ల ఫోన్ నంబరు మనకు కనిపించదు. ‘అమ్మా, ఏం నచ్చలేదు’ అని అడిగే దారి లేదు. చీర మన ఇంటికి తిరిగొచ్చాక, దానిలో తేడా ఉంటే కొద్ది రోజుల గడువులో క్లెయిమ్ పెట్టుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంటుంది. ఈలోగా సైటు మనకు జమచేసే తర్వాతి సెటిల్‌మెంట్‌లోంచి చీర డబ్బు కోసేస్తారు. పైగా వెనక్కి తెచ్చిన కొరియర్ ఖర్చు కూడా మనదే.

చీర వచ్చిన రోజు డెలివరీ అబ్బాయి వాకిట్లో బస్తా దించి, ‘అక్కా, ఓటీపీ చెప్పండి, ఇంకా బోలెడు ఇళ్లున్నాయి’ అన్నాడు. అతని తప్పేం లేదు. పార్సిల్‌కి ఇంత అని ఇచ్చే బతుకు. కానీ ఓటీపీ చెప్పామంటే వస్తువు మనకు అందినట్టు రికార్డులో పడిపోతుంది. విప్పి చూస్తానంటే అతను ఆగలేడు. అందుకే మా మరిది వాకిట్లోనే ఫోన్ స్టాండు పెట్టాడు. పార్సిల్ చేతికి రాగానే, కవరు మీది లేబుల్ నుంచి మొదలుపెట్టి మధ్యలో ఎక్కడా ఆపకుండా వీడియో తీస్తాం.

కవరు మాది కాదు. అది మామూలే, పికప్‌కి వచ్చినవాళ్లు వేరే కవర్లో వేసుకుంటారు. కత్తిరించి చూస్తే లోపల నిగనిగలాడే ఆకుపచ్చ చీర. పిస్తా రంగుకి దగ్గరగానే ఉంది. మెరూన్ అంచు కూడా ఉంది. మడత చూడగానే నాకు అర్థమైంది. మామయ్య గారు మంచం మీద నుంచే చేయి చాపి, కొంగు వేళ్ల మధ్య నలిపి, ‘ఇది మర మగ్గం సరుకమ్మా, నూలు కూడా కాదు’ అన్నారు. ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించారు. నూలు పోగైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. ఇది కరిగి నల్లటి పూసలా ముడుచుకుంది.

ఆ రాత్రే క్లెయిమ్ పెట్టాను. ఫారంలో మొదట రకం ఎంచుకోవాలి: వేరే వస్తువు వచ్చింది, వాడిన వస్తువు వచ్చింది, పాడై వచ్చింది, ఖాళీ ప్యాకెట్ వచ్చింది. నేను ‘వేరే వస్తువు’ నొక్కాను. ఫొటోలు పెట్టి కింద వివరంగా రాశాను. మంగళగిరి చీర ఒంట్లో బుటా ఉండదు, తానంతా సాదాగా ఉంటుంది. పడుగూ పేకా, అంటే నిలువు పోగులూ అడ్డం పోగులూ, రెండూ 80 నంబరు సన్న నూలు. నేసేటప్పుడు బట్ట వెడల్పు కుంచించుకోకుండా మగ్గం మీద అంచు నుంచి అంచుకి కర్ర బిగిస్తారు, దాని చివరల సూదులు గుచ్చుకున్న సన్నటి చుక్కలు చేనేత చీర రెండంచుల పొడవునా కనిపిస్తాయి, ఈ చీరకు అవి లేవు. పోగు కాల్చిన ఫొటో కూడా జత చేశాను. నేత తెలిసిన ఎవరికైనా అందులో రెండో మాటకు తావుండదు.

మర్నాడే జవాబొచ్చింది. ‘మీరు ఇచ్చిన ఆధారాలు సరిపోవు. క్లెయిమ్ తిరస్కరించడమైనది.’

సైటువాళ్లే ఫోన్ చేసేలా కాల్‌బ్యాక్ పెట్టుకున్నాను. అదృష్టం బాగుండి తెలుగు అబ్బాయి దొరికాడు. మర్యాదగానే మాట్లాడాడు. ‘మేడమ్, మీరు పంపిన ఫొటో, లిస్టింగ్ ఫొటో రెండూ చూస్తున్నాను. రెండూ గ్రీన్ శారీలే కదా, మెరూన్ బోర్డర్ కూడా ఉంది’ అన్నాడు. అంచు చుక్కల గురించి చెప్పబోతే, ‘అవి ఫొటోలో కనిపించట్లేదు మేడమ్’ అన్నాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆలోచిస్తే అతని మాట అతనికి నిజమే. రోజంతా చెప్పుల క్లెయిములు, మిక్సీ క్లెయిములు, ఫోన్ కవర్ల క్లెయిములు చూసే మనిషికి నా చీర ఒక చిన్న బొమ్మ. దాన్ని చేత్తో ముట్టుకోలేడు. మనం చెప్పే నేత విద్యంతా అతనికి అమ్మేవాళ్ల మాట కిందే లెక్క.

దారి చూపించింది మా మరిది. సెటిల్‌మెంట్ షీటు ముందేసుకుని కొరియర్ చార్జీలు చూస్తూ గొణుగుతున్నాడు. ‘వదినా, ఈ చీరకి పోయేటప్పుడు కిలో రేటు వేశారు, వచ్చేటప్పుడు అర కిలో రేటు వేశారు’ అన్నాడు. మా చీర 480 గ్రాములు, ప్యాకింగ్‌తో 540. అర కిలో శ్లాబు దాటిందంటే కిలోకి లెక్కగడతారు. ఆ నలభై గ్రాముల కోసం ఎన్నోసార్లు తిట్టుకున్నాం, అట్టపెట్టె మానేసి పల్చటి కవరుకి మారాం కూడా. అప్పటిదాకా దండుగ అనుకున్న ఆ కిలో శ్లాబే ఇప్పుడు పనికొచ్చింది. 540 గ్రాములుగా వెళ్లిన పార్సిల్ అర కిలో లోపు బరువుతో ఎలా తిరిగొచ్చింది? తూచింది మేం కాదు, వాళ్ల గోదాములోని యంత్రమే. వెళ్లేటప్పటి రికార్డు వాళ్లదే, వచ్చేటప్పటి రికార్డూ వాళ్లదే.

పాత టికెట్‌నే, అంటే ముందు పెట్టిన ఫిర్యాదునే, మళ్లీ తెరిచాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కోపంలో కొత్త టికెట్ పెడితే ‘ఇదే విషయం మీద ఇంతకు ముందు టికెట్ ఉంది’ అని మూసేస్తారు. అదే టికెట్ మీద, అదే నంబరుతో, గడువు దాటకుండా అడగాలి. ఈసారి నేత గురించి ఒక్క ముక్క రాయలేదు. రెండు ట్రాకింగ్ నంబర్లు, వాటి ఎదురుగా వాళ్లు వేసిన శ్లాబులు, వెనక్కి వచ్చిన చీరను మా ఇంట్లో తూచినప్పుడు కాటా చూపించిన 320 గ్రాముల ఫొటో. అంతే. నాలుగు వరసలు.

ఒప్పుకున్నారు. 1,850 మొత్తం రాలేదు, 1,310 ఇచ్చారు. రిటర్న్ కొరియర్ ఖర్చు మనకే. నేత ఇంటివాళ్లకు చీర డబ్బు మేం ముందే ఇచ్చేశాం కాబట్టి వాళ్లకు నష్టం తగల్లేదు. ఆ నిగనిగల ఆకుపచ్చ చీర ఇంకా మా అలమరలోనే ఉంది. దాన్ని ఎవరికిస్తాం?

ఇంత జరిగాక కూడా, హైదరాబాద్ ఆవిడే చీర మార్చిందని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. చాలామంది అమ్మకందార్లు ఇక్కడ తొందరపడతారు. రిటర్న్ పికప్‌కి వెళ్లే అబ్బాయి పది ఇళ్లలో పది వస్తువులు విడి కవర్లలో తీసుకుంటాడు, లేబుల్ ఒక్కోసారి అక్కడే అంటిస్తాడు, ఒక్కోసారి గోదాములో అంటిస్తారు. ఒకసారి మా చీర బదులు చిన్నపిల్లల బూట్ల జత వచ్చింది. చీర బదులు బూట్లు పంపి మోసం చేద్దామని ఎవరూ అనుకోరు కదా, అది లేబుల్ తారుమారే. ఎక్కడో బూట్లు అమ్మేవాళ్లకి మా చీర చేరి ఉంటుంది. మోసం కొన్నవాళ్లదైనా, తప్పు మధ్యలో ఎక్కడ జరిగినా, నిరూపించాల్సిన బరువు మాత్రం అమ్మినవాళ్ల నెత్తినే పెట్టారు. నా గొడవ దానితోనే.

ఫోన్‌లో వాళ్లు ప్రతిదానికీ ‘పాలసీ మేడమ్’ అంటుంటే, అసలు చట్టంలో ఏముందో చూద్దామని కూర్చున్నాను. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల్లో అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడని సందర్భాలు రాశారు: వస్తువులో లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన సమయానికి కాకుండా ఆలస్యంగా వచ్చినా. న్యాయమైన మాటే, ఒక్కదానికీ నాకు అభ్యంతరం లేదు. కట్టుకుని ముచ్చట తీరాక నచ్చలేదంటే తీసుకోవాలని అందులో లేదు. అది సైటు తన కస్టమర్ల కోసం పెట్టుకున్న సదుపాయం. సదుపాయం వాళ్లది, ఖర్చు మాది. కొన్నవాళ్లు ఫిర్యాదు చేయడానికి 1915 హెల్ప్‌లైన్ ఉంది. అమ్మేవాళ్లకు అలాంటి నంబరు నాకు కనపడలేదు. సైటుతో మన ఒప్పందంలో, వివాదం వస్తే ఫలానా నగరంలోనే తేల్చుకోవాలని ఉంటుంది. 1,850 రూపాయల చీర కోసం రైలెక్కి అంత దూరం ఎవరు వెళ్తారు?

పన్నుల సంగతి రెండు ముక్కల్లో. రిటర్న్ అయిన అమ్మకానికి క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గించినట్టు ఇచ్చే పత్రం) రాసి మనం కట్టే జీఎస్టీ తగ్గించుకోవాలి. సైటు కోసుకునే టీసీఎస్ (అమ్మకం డబ్బులోంచి సైటే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను), 2024 జూలై 10 నుంచి అర శాతం, రిటర్నులు తీసేసిన మొత్తం మీదే లెక్కించాలి. మీ అకౌంటెంట్‌కి ప్రతి నెలా రిటర్నుల షీటు విడిగా ఇవ్వండి, లేకపోతే అమ్మని చీరకు పన్ను కట్టినట్టవుతుంది.

అప్పటి నుంచి ప్యాకింగ్ బల్ల దగ్గర చాలా మారింది. ప్రతి చీరనూ కవర్లో పెట్టే ముందు కాటా మీద ఉంచి, అంకె కనపడేలా వీడియో తీస్తాం. అదే షాట్‌లో మేం కుట్టిన లేబుల్ నంబరు, కొంగు, అంచు, తర్వాత సీలు వేసి కొరియర్ లేబుల్. కట్ ఉండకూడదు. ఫైలు పేరు ట్రాకింగ్ నంబరే పెడతాం, లేకపోతే అవసరమైనప్పుడు దొరకదు. వీడియో సైజు పెద్దదైతే సైటు తీసుకోదు, అందుకని ఫోన్ కెమెరాలో నాణ్యత ముందే తగ్గించి పెట్టాం. అంకెలు చదవగలిగితే చాలు.

కట్టి పంపేవాళ్ల కోసం ట్యాగ్. ఒకసారి తెగితే మళ్లీ కలవని ప్లాస్టిక్ లాక్ ఉన్న ట్యాగులు దొరుకుతాయి. మడతల్లో లోపల ఎక్కడో కడితే ట్యాగ్ కనపడకుండా చీర కట్టేసుకోవచ్చు. అందుకే కొంగు చివరి దారాల ముడికి, కట్టుకుంటే నలుగురికీ కనపడే చోట కడుతున్నాం. ‘ట్యాగ్ తెగితే రిటర్న్ తీసుకోము’ అని దాని మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేయించాం. దీనికి సైటు అన్నిసార్లూ విలువ ఇవ్వదు. కానీ ట్యాగ్ చూసి కట్టుకోవడం మానేసినవాళ్లు ఉన్నారని రిటర్నుల సంఖ్య చూస్తే నాకనిపిస్తోంది.

వాడిన చీర అని నిరూపించడం మారిన చీర అని నిరూపించడం కంటే కష్టం. సెంటు వాసన ఫొటోలో పడదు. కుచ్చిళ్ల దగ్గర చిటికెడు పసుపు మరక పడుతుంది కానీ, ‘అది మీ దగ్గరే అంటి ఉండొచ్చు’ అంటారు. ప్యాకింగ్ వీడియో ఉంటేనే దానికి జవాబు. ఒకావిడ ఫాల్ కుట్టించుకుని, కట్టుకుని, మళ్లీ ఫాల్ విప్పి పంపింది. ఎంత ఓపికో! కింది అంచు వెంట కుట్టు రంధ్రాలు వరసగా కనిపించాయి. లిస్టింగ్‌లో ఫాల్ లేని చీర అని ఉంది కాబట్టి ఆ క్లెయిమ్‌కి మొదటిసారే ఒప్పుకున్నారు.

న్యాయమైన రిటర్నులు కూడా చాలానే ఉంటాయి. వాటిని వీటితో కలిపి తిట్టడం నాకు ఇష్టం లేదు. ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో నెమలికంఠం రంగు ఫోన్‌లో ఒకలా, చేతిలో ఒకలా ఉంటుంది. ఇప్పుడు ప్రతి చీరకూ ఎండలో ఒక ఫొటో, ఇంట్లో ఒక ఫొటో పెడుతున్నాం. చేనేతలో పోగు తెగితే అతుకుతారు, చిన్న ముడి మిగులుతుంది. మిల్లు బట్ట అలవాటైనవాళ్లకు అది లోపంలా కనిపిస్తుంది. అంచు చుక్కలు చూసి ‘పురుగు కొట్టింది’ అన్నవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ లిస్టింగ్‌లో దగ్గరి ఫొటోలతో పెట్టి, ఇవి చేనేత గుర్తులు అని రాశాం. ముదురు రంగులు మొదటి ఉతుకులో కాస్త దిగుతాయి, విడిగా ఉతకమని కార్డు పెడుతున్నాం. ఈ రకం రిటర్నులు నిజంగానే తగ్గాయి.

చీరాల, వెంకటగిరి, పోచంపల్లి వైపు అమ్మేవాళ్లతో మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో కొందరు లేబుల్ మీది అడ్రసుకు ఉత్తరం రాస్తామని, ఆ వీధిలో తెలిసినవాళ్లను పంపి అడిగిస్తామని అంటుంటారు. ఆ పని మాత్రం చేయకండి. డెలివరీ కోసం ఇచ్చిన అడ్రసు అది, తగువుకు ఇచ్చింది కాదు. పైగా ఒక్క ఫిర్యాదు వెళ్తే పోయేది మన సెల్లర్ ఖాతా. అదే గ్రూపులో పనికొచ్చే మాట కూడా ఒకటి దొరికింది. ఏ పిన్‌కోడ్ నుంచి పదే పదే రిటర్నులు వస్తున్నాయో రాసుకుని, అక్కడికి క్యాష్ ఆన్ డెలివరీ ఆపే వీలుందేమో మీ సైటులో చూసుకోండి. కొన్నిటిలో ఉంటుంది, మా దాంట్లో లేదు.

ఇంత చేసినా కొంత పోతూనే ఉంటుంది. దాన్ని చీర ధరలో కలపక తప్పలేదు. అంటే ఎవరో వ్రతానికి కట్టి పంపిన చీర ఖర్చు, ఇంకెవరో ఇష్టపడి కొనుక్కుని దాచుకున్నావిడ కడుతోంది. ఇది నాకు నచ్చదు, కానీ వేరే లెక్క కుదరట్లేదు. ఆరేడు వేల ధర ఉన్న పట్టు కలిసిన చీరలు మాత్రం ఆ సైట్‌లోంచి తీసేశాను. వాటిని వీడియో కాల్‌లో విప్పి చూపించి, ముందే యూపీఐ తీసుకుని పంపుతున్నాం. నచ్చకపోతే వారంలో మార్చి ఇస్తాం. అమ్మకం నెమ్మదిగా ఉంటుంది. ‘డెలివరీ అయ్యాక ఇస్తాం’ అనేవాళ్లు సగంలోనే ఆగిపోతారు. మిగిలినవాళ్లు మళ్లీ మళ్లీ కొంటున్నారు.

ప్రస్తుతానికి ఒక క్లెయిమ్ ఇంకా తేలలేదు. వంకాయ రంగు చీర. తిరిగొచ్చింది మా చీరే, లేబుల్ నంబరు మాదే, తూకం కూడా సరిపోయింది. కొంగు దగ్గర ట్యాగ్ మాత్రం తెగి ఉంది. తూకం సరిపోయినచోట ఆ ట్యాగ్ ఒక్కటే మాకు ఆధారం. ప్యాకింగ్ వీడియో, విప్పిన వీడియో రెండూ పెట్టాం. శనివారం లోపు జవాబిస్తామని మెసేజ్ వచ్చింది.